ఇకపై ఆర్మ్ వివరం చెప్పకుండా కార్ట్రిడ్జ్ పంపం

అందరికీ నమస్కారం.

పాత టర్న్‌టేబుల్‌కి (రికార్డు ప్లేయర్‌కి) మా దగ్గర కార్ట్రిడ్జ్, అంటే సూది ఉండే చిన్న డబ్బీ, కొనేవాళ్లకీ, దాన్ని రికార్డు మీద మోసే టోన్‌ఆర్మ్ బాగుచేయించుకునేవాళ్లకీ ఒక మార్పు చెప్పాలి. ఏ ఆర్మ్‌కి బిగిస్తారో చెప్పకపోతే ఇకమీదట కార్ట్రిడ్జ్ ఆర్డర్ తీసుకోం. "మంచి పేరున్నదే కదా, పంపించేయండి, మిగతాది నేను చూసుకుంటాను" అనే ఆర్డర్లు మాకు బాగానే వస్తాయి. వాటిని వదులుకుంటే అమ్మకాలు తగ్గుతాయని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం. బాగా పలకడం లేదని వెనక్కి వచ్చే కార్ట్రిడ్జ్‌లలో లోపమున్నవి తక్కువ, ఆర్మ్‌తో పొత్తు కుదరనివే ఎక్కువ.

ఆ పొత్తు ఏమిటో చెబుతాను. స్టైలస్‌ని, అంటే సూదిని, మోసే సన్నటి కడ్డీ కాంటిలీవర్ వెనక చివర చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. అది స్ప్రింగులా పనిచేస్తుంది. ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి దాని మీద ఊగే బరువు. స్ప్రింగు, బరువు కలిసినచోట వాటిదంటూ ఒక ఊగే వేగం ఉండి తీరుతుంది. దాన్నే రెజొనెన్స్ అంటారు. అది 8 నుంచి 12 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు ఊగడం) మధ్య పడితే మంచిది. రికార్డు వంకరల వల్ల వచ్చే కదలిక ఎక్కువ భాగం 5, 6 హెర్ట్జ్ లోపే ఉంటుంది. మనకి వినిపించే శబ్దం 20 దగ్గర మొదలవుతుంది. రెజొనెన్స్ ఈ రెండింటికీ మధ్య ఖాళీలో ఉండాలి.

బాగా కిందికి పడితే ఏమవుతుందో చూడాలంటే స్పీకర్ మీది గుడ్డ తీసి, కొంచెం వంగిన రికార్డు పెట్టి, పాటల మధ్య నిశ్శబ్దంలో వూఫర్‌ని (స్పీకర్‌లో కింది స్వరాలు పలికే పెద్ద కోన్‌ని) గమనించండి. శబ్దం ఏమీ ఉండదు, కోన్ మాత్రం ముందుకీ వెనక్కీ తెగ ఊగుతుంటుంది. యాంప్లిఫయర్ శక్తి అక్కడ వృథాగా ఖర్చవుతుంది. పాట మొదలయ్యాక సాగదీసే స్వరాల్లో సన్నటి వణుకు వినిపిస్తుంది. చాలామంది దానికి మోటార్‌ని తప్పుపడతారు.

లెక్క కష్టమేమీ కాదు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు సూది దగ్గర తెలిసే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి. ఆ మొత్తాన్ని కంప్లయన్స్ అంకెతో (ఆ రబ్బరు ఎంత మెత్తగా కదులుతుందో చెప్పే అంకె, ఎక్కువైతే మెత్తన) గుణించి వర్గమూలం తీయండి. 159ని దానితో భాగిస్తే వచ్చేదే హెర్ట్జ్. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ 12 గ్రాములు. దానికి 6 గ్రాముల బరువు, 25 కంప్లయన్స్ ఉన్న మెత్తటి కార్ట్రిడ్జ్ బిగిస్తే, స్క్రూలకి ఒక గ్రాము వేసుకుని, 7.3 వస్తుంది. తక్కువ. అదే కార్ట్రిడ్జ్‌ని 5 గ్రాముల ఎస్‌ఎంఈ 3009 సిరీస్ 3 ఆర్మ్‌కి బిగిస్తే 9.2. హాయిగా పాడుతుంది.

డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దాని బరువు 8.5 గ్రాములు, కంప్లయన్స్ 5 అని కాగితం మీద ఉంటుంది. ఆ 5ని ఉన్నదున్నట్టు లెక్కలో వేయకండి. చాలా జపాన్ కార్ట్రిడ్జ్‌లలాగే అది 100 హెర్ట్జ్ దగ్గర కొలిచిన అంకె. మనకి కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరిది, అంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. 9 అనుకుందాం. తేలికైన సిరీస్ 3కి బిగిస్తే దాదాపు 14 హెర్ట్జ్ వస్తుంది, సంగీతం వైపు జరిగిపోతుంది. ఎస్‌ఎల్-1200 మీద 11.4. అక్కడే 6 గ్రాములు ఎక్కువ బరువున్న హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించే భాగం) వేస్తే 10 దగ్గరికి దిగుతుంది. ఎంతో ఇష్టంగా కొనుక్కున్న కార్ట్రిడ్జ్‌ని తేలికైన ఆర్మ్‌కి బిగించి, "పల్చగా ఉంది" అని అమ్మేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంతవరకూ కాగితం మీది మాట. పాత సరుకుతో అసలు చిక్కు రబ్బరుది. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని బిగుసుకుపోతాయి, కొన్ని మెత్తబడి కార్ట్రిడ్జ్ పొట్ట రికార్డుకి ఆనేదాకా దిగిపోతాయి. బిగుసుకుపోయినదాని రెజొనెన్స్ లెక్కకంటే పైకి పోతుంది. ఒక్కోసారి సరిగ్గా 10 దగ్గరే ఆగుతుంది కూడా. అంతమాత్రాన అది బాగున్నట్టు కాదు, గట్టిగా పలికే చోట స్టైలస్ గాడిని పట్టుకోలేక చిరచిరమంటుంది. అందుకే పాత కార్ట్రిడ్జ్‌లు వేటినీ పాత పుస్తకంలోని అంకెలతో అమ్మం. టెస్ట్ రికార్డు మీద పెట్టి పక్కలకీ, పైకీ కిందికీ విడివిడిగా చూస్తాం. ఒక నిలకడైన స్వరం వినిపిస్తుంటుంది, దానితోపాటు చెవికి వినిపించని మరో కంపనం ఫ్రీక్వెన్సీ మెట్టుమెట్టుగా దిగుతుంది. రెజొనెన్స్ రాగానే స్టైలస్ కంటికి కనిపించేలా వణుకుతుంది, స్వరం గరగరలాడుతుంది. ఆ అంకెని, ఏ ఆర్మ్ మీద చూశామో ఆ పేరుతో సహా రాసి పెట్టెలో వేస్తాం.

డ్యాంపింగ్, అంటే ఆ ఊపుని అణచడం, గురించి తరచూ అడుగుతున్నారు. ఆర్మ్ కదలికని అడ్డుకునే సిలికాన్ నూనె తొట్టి రెజొనెన్స్ తీవ్రతని తగ్గిస్తుంది, ఉన్నచోటి నుంచి పెద్దగా కదల్చదు. 7 హెర్ట్జ్ జోడీని కొంత సముదాయిస్తుంది, అంతే. నూనె మరీ ఎక్కువైతే ఆర్మ్ వంకరల్ని అందుకోలేదు, ఆ భారం కాంటిలీవర్ మీద పడుతుంది. హెడ్‌షెల్ మీద బంకముద్దలు అతికించడం మాత్రం మానండి. అక్కడ పెట్టిన ప్రతి గ్రామూ దాదాపు పూర్తిగా లెక్కలోకి వస్తుంది. ఆర్మ్ వెనక తూకానికి ఉండే కౌంటర్‌వెయిట్ సంగతి వేరు: బరువు పెంచి పివట్‌కి (ఆర్మ్ తిరిగే ఇరుసుకి) దగ్గరగా జరిపితే ఎఫెక్టివ్ మాస్ కొద్దిగా తగ్గుతుంది కూడా.

పాత ఎస్‌ఎంఈ 3009 ఉన్నవాళ్లు వెనక భాగాన్ని పక్కనుంచి ఒకసారి చూడండి. కౌంటర్‌వెయిట్ కిందికి వేలాడుతుంటే లోపలి రబ్బరు పోయినట్టే. ముందు అది మార్పిద్దాం, కార్ట్రిడ్జ్ సంగతి తర్వాత.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఆర్మ్ పేరు, హెడ్‌షెల్ బరువు, కౌంటర్‌వెయిట్ ఎంతవరకు జరుగుతుందో రాయండి. పేరు తెలియకపోతే పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫొటోలు పంపితే చాలు. ప్రతిదీ కొలవాలి కాబట్టి పంపడం ఇదివరకటికంటే ఆలస్యమవుతుంది. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లకి ఆర్మ్ వివరం అడుగుతూ విడిగా రాస్తాం. జోడీ కుదరదని తేలితే డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.