ముజ్తబా అలీని బెంగాలీ నుంచే తెలుగులోకి తేవాలి

సంపాదకులకు నమస్కారం.

పొరుగు భాషల యాత్రారచనలు తెలుగులోకి విరివిగా రావాలని సాహిత్య సభల్లో తరచూ వింటున్నాం. రావాల్సిందే. అయితే ఇంగ్లిష్ ప్రతిని ముందు పెట్టుకుని ఆ పని కానిస్తే ఏం పోతుందో బెంగాలీ రచయిత సయ్యద్ ముజ్తబా అలీ కాబూల్ యాత్రారచన ‘దేశే విదేశే’ని ఉదాహరణగా తీసుకుని చెబుతాం.

ఆయన 1904లో నాటి సిల్హెట్ జిల్లా కరీంగంజ్‌లో పుట్టారు. శాంతినికేతన్‌లో రవీంద్రుడి శిష్యుడు. 1927లో అధ్యాపకుడిగా కాబూల్ వెళ్లారు. ఆ తర్వాత జర్మనీలోని బాన్‌లో డాక్టరేట్, కైరోలోని అల్ అజహర్ విశ్వవిద్యాలయంలో చదువు, బరోడాలో కొలువు. 1949లో నేటి బంగ్లాదేశ్‌లోని బొగురా కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉండగా, తూర్పు పాకిస్తాన్‌కు బెంగాలీయే రాజభాష కావాలని వాదించినందుకు ఉద్యోగం వదులుకుని భారత్‌కు రావలసివచ్చింది. 1974లో ఢాకాలో కన్నుమూశారు. సిల్హెటీ, సంస్కృతం, ఫార్సీ, అరబ్బీ, ఉర్దూ, జర్మన్... ఇన్ని భాషలు ఆయన వాక్యంలో కలిసిమెలిసి ఉంటాయి. చిక్కంతా అక్కడే.

పెషావర్ నుంచి ఖైబర్ కనుమ, జలాలాబాద్ మీదుగా కాబూల్ చేరడం, అఫ్ఘాన్ రాజు అమానుల్లా సంస్కరణలు, 1928 చివర్లో చెలరేగిన తిరుగుబాటు, జనం విమానాల్లో నగరం దాటిపోవడం ఈ పుస్తకంలోని కథ. రాజును గద్దె దించినవాడి మారుపేరు బచ్చా-ఇ-సకావ్. నీళ్ల తిత్తి మోసే భిస్తీ కొడుకని ఆ పేరుకు అర్థం. దాన్ని ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి అక్షరాల్లోకి దించేస్తే ఆ పేరులోని ఎత్తిపొడుపు మన పాఠకుడికి అందదు.

అంతకంటే పెద్ద నష్టం సర్వనామాల్లో జరుగుతుంది. ఎదుటివారిని సంబోధించడానికి బెంగాలీలో తుయి, తుమి, ఆపని అని మూడు మెట్లున్నాయి. దూరంగా ఉన్నవారి గురించి చెప్పేటప్పుడు కూడా మామూలు మనిషికి ‘శే’, గౌరవించాల్సినవారికి ‘తిని’. ఇంగ్లిష్‌లో ఇవన్నీ ఒకే ముద్ద. ఆ ముద్దలోంచి తెలుగు చేసేవారు వాడు, అతను, ఆయనల్లో ఏది వాడాలో ఊహించుకోవలసిందే. పంజ్‌షీర్ నుంచి వచ్చిన వంటమనిషి అబ్దుర్ రహమాన్‌కూ రచయితకూ మధ్య చనువు, మర్యాద ఎలా పెనవేసుకున్నాయన్నదే ఈ పుస్తకానికి ప్రాణం. ఊహ తప్పితే ఆ బంధమే మారిపోతుంది.

ఒక్కోసారి మాట రెండు భాషల్లోనూ ఉండి మోసం చేస్తుంది. ముజ్తబా అలీకి ఎంతో ఇష్టమైన ‘ఆడ్డా’ అంటే తీరిగ్గా కూర్చుని కబుర్లాడుకోవడం. దాన్ని ‘అడ్డా’ అని దించితే మనకు కూలీల అడ్డానో ఆటోల అడ్డానో గుర్తొస్తుంది. పిచ్చాపాటి అంటేనో, రచ్చబండ కబుర్లంటేనో కొంత దగ్గరికి వస్తాం. ఇక ఊళ్ల పేర్ల సంగతి. బెంగాలీ లిపిలో బ, వ ఒకటే అక్షరం కాబట్టి ‘బిదేశే’ని మనం ‘విదేశే’ అని రాసుకోవడం న్యాయమే. అదే సూత్రాన్ని ఫార్సీ, పష్తో పేర్లకు అంటగడితే ఊరి పేరు చెడుతుంది. వాటిని ఆయా భాషలు తెలిసినవారికి చూపించాలి.

నేరుగా అనువదించడం మనకు కొత్త కాదు. మదనపల్లె శానటోరియంలో బెంగాలీ నేర్చుకుని శరత్‌ను తెలుగు చేసిన చక్రపాణి ఉన్నారు. శాంతినికేతన్‌లో చదివి రవీంద్రుణ్ని తెలుగులోకి తెచ్చిన బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు.

హక్కుల విషయంలోనూ పొరపాటు పడకూడదు. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కవేస్తే ముజ్తబా అలీ రచనలకు 2034 చివరి దాకా కాపీరైట్ ఉంది. ఇంగ్లిష్ అనువాదకుడి అనుమతి ఉన్నంత మాత్రాన చాలదు, మూలరచన హక్కుదారుల అనుమతి విడిగా తీసుకోవాలి. వారి ఆచూకీ దొరక్కపోతే పని ఆపేయనక్కర్లేదు. మూలం వెలువడి ఏడేళ్లు దాటితే, తెలుగు అనువాదమేదీ అందుబాటులో లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 32 కింద లైసెన్సు కోరవచ్చు. అందుకు కనీసం రెండు నెలల ముందే మూల ప్రచురణకర్తకు రిజిస్టర్డ్ పోస్టులో అభ్యర్థన పంపి ఉండాలి. ఈ రిజిస్టర్డ్ పోస్టు దగ్గర తప్పటడుగు వేయకూడదు.

ఒప్పందం రాసుకునే ముందు అనువాదకుల చేత రెండు ఘట్టాలు చేయించి చూడమని ప్రచురణ సంస్థలను, అకాడమీలను కోరుతున్నాం. ఒకటి ఖైబర్ కనుమ బస్సు ప్రయాణం. రెండోది అబ్దుర్ రహమాన్ మొదటిసారి భోజనం వడ్డించే ఘట్టం. ఆ రెండింటి అనువాదాన్ని బెంగాలీ తెలిసిన ఒకరు మూలం పక్కన పెట్టుకుని చదవాలి, బెంగాలీ బొత్తిగా రాని ఒకరు మూలం లేకుండా చదవాలి. ఈ రెండో పాఠకుడికి నవ్వు రాకపోతే ఆ అనువాదాన్ని తిరిగి చేయించాలి.

ఇట్లు,
బెంగాలీ నుంచి తెలుగు చేసే కొందరు అనువాదకులు,
హైదరాబాద్