రాగి మొలకల పని పిల్లల చేతికే ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో ఒక కాథలిక్ ప్రైమరీ స్కూల్లో 24 ఏళ్ళు రెండో తరగతి టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది వరంగల్. నేను క్రైస్తవురాలిని కాను. అయినా వచ్చే ఆదివారం ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపుల కాలం, మొదలవుతుందంటే ఇప్పటికీ చేతులు ఊరుకోవు. అందుకే ఈ ఉత్తరం.

మా క్లాసులో క్రిస్మస్ పాక, అంటే యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ, రాగులతో మొదలయ్యేది. ఆగమన కాలం మొదటి ఆదివారం రాత్రి అరకిలో రాగులు నానబెట్టి, సోమవారం పాత పంచె ముక్కలో మూటగట్టి స్కూలుకు తీసుకెళ్ళేదాన్ని. పిల్లలు ఇళ్ళ నుంచి పాత పళ్ళేలు, డబ్బా మూతలు తెచ్చేవాళ్ళు. వాటిలో వేలెడు మందాన మట్టి, పైన రాగులు, ఆపైన తడి గోనె. రెండు రోజులు ఎవరూ ఎత్తి చూడకూడదు. ఏడేళ్ళ పిల్లలకు అంతకంటే కష్టమైన పని లేదు. మూడో రోజు గోనె తీస్తే తెల్లగా సూదుల్లా మొలకలు. కిటికీ దగ్గర పెడితే పచ్చబడి వెలుతురు వైపు వంగేవి. పళ్ళెం తిప్పి పెట్టే డ్యూటీ రోజుకొకరిది. పది పన్నెండు రోజులకు పాక చుట్టూ పరచడానికి పచ్చిక సిద్ధం. అగ్గిపుల్లలు, దూదితో గొర్రెలు. సిమెంటు బస్తా కాగితం నలిపితే కొండలు.

పాకలో తొట్టిని మాత్రం ఖాళీగా ఉంచేవాళ్ళం. పక్కన ఒక ఎండుగడ్డి కట్ట. ఎవరికైనా ఏదైనా మంచి చేసిన వాళ్ళు ఒక పరక తెచ్చి తొట్టిలో వేయాలి, బాలయేసు పడక మెత్తగా ఉండాలని. ఏం చేశావని మేము అడిగేవాళ్ళం కాదు. ఒక ఏడు ఒక అబ్బాయి పరక వేసి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి తీసేశాడు. "మిస్, వాడికి రబ్బరు ఇచ్చాను. కానీ మళ్ళీ లాగేసుకున్నాను" అన్నాడు.

పునీత అస్సీసి ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చియో అనే ఊళ్ళో క్రిస్మస్ పాక ఏర్పాటు చేసినప్పుడు ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద తెప్పించాడట. ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడల్లా మన తొట్టిలోనూ గడ్డే కదా మిస్ అని మురిసిపోయేవాళ్ళు.

ఇప్పుడు నా మనవరాలు ఇంకో స్కూల్లో చదువుతోంది. పోయినేడు డిసెంబరులో క్లాస్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: తలా 300 రూపాయలు, సాంటా డ్రెస్ అద్దె వేరు. థర్మోకోల్ పాక, ప్లాస్టిక్ గడ్డి, రంగురంగుల లైట్లు. క్లాసుల మధ్య పోటీ కూడా పెట్టారు. ఫొటో బాగానే వచ్చింది. ఇందులో నువ్వేం చేశావు తల్లీ అని అడిగితే, "ముట్టుకోవద్దన్నారు అమ్మమ్మా. డెకరేషన్ అంకుల్ పెట్టారు" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

టీచర్లను తప్పు పట్టను. పోర్షన్ అవ్వాలి, ఫొటోలు పంపాలి, పేరెంట్స్‌కి జవాబు చెప్పాలి. ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ చిన్న క్లాసుల్లో పండుగ కూడా పాఠమే. సెప్టెంబరు 8న మరియమాత పుట్టినరోజు. దానికి ముందు తొమ్మిది రోజులు మా మంగళూరు సిస్టర్లు పిల్లలతో పూలు తెప్పించి బాల మరియమ్మకు వేయించేవాళ్ళు. పండుగ రోజున కొత్త వరి కంకులను దీవించేవాళ్ళు. తొమ్మిది రోజుల పూలు అనగానే నాకు బతుకమ్మ గుర్తొచ్చేది. తంగేడు, గునుగు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి! మందారాలు, చామంతులతోనే ఒకసారి క్లాసులో బతుకమ్మను పేర్చి చూపించాను. హెచ్‌ఎం సిస్టర్ వచ్చి తనూ ఒక వరస పేర్చారు. నవంబరు 1న సకల పునీతుల పండుగ, కన్నడ రాజ్యోత్సవం (కర్ణాటక అవతరణ దినం) రెండూ వస్తాయి. అదే రోజు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కూడానని మా తెలుగు పిల్లలు గర్వంగా చెప్పుకునేవాళ్ళు. పసుపు, ఎరుపు కాగితాలు కత్తిరించి జెండాలు అంటించింది కూడా ఆ చిన్న చేతులే.

బెంగళూరులో పిల్లల్ని ఇలాంటి స్కూళ్ళకు పంపే తెలుగు తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈసారి డబ్బు అడిగితే, దానికి బదులు ఒక పాత పళ్ళెం, గుప్పెడు రాగులు పంపుతామని అడిగి చూడండి. స్కూళ్ళ పెద్దలకూ అదే మనవి: పోటీ వద్దు, పాక వంకరగా ఉన్నా ఫరవాలేదు.

నా మనవరాలి క్లాస్ టీచరుతో మాట్లాడాను. ఈ ఏడు లైట్లు ఎలాగూ ఉంటాయట. రాగులకు మాత్రం ఒప్పుకున్నారు, ఒక్క పళ్ళెం చాలన్నారు. ఆదివారం రాత్రి నానబెడుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
కమ్మనహళ్ళి, బెంగళూరు