ఐఆర్‌క్యూ నంబర్లు బట్టీ పట్టిస్తే ఏం లాభం?

సంపాదకులకు నమస్కారం.

మా పాలకొల్లు, భీమవరం వైపు ఇంజనీరింగ్ పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ నోట్సు పట్టుకుని నా దగ్గరకి వస్తుంటారు. అందులో ఇప్పటికీ అదే ఐఆర్‌క్యూ పట్టిక, అంటే ఏ పరికరం ఏ నంబరు లైను మీద ప్రాసెసరుని "ఇటు చూడు" అని పిలుస్తుందో (ఆ పిలుపే ఇంటరప్టు) చెప్పేది. టైమరుకి 0, కీబోర్డుకి 1, సీరియల్ పోర్టులకి 4, 3, ప్రింటరుకి 7. పరీక్షలో అడుగుతారట, గడగడా అప్పజెప్పేస్తారు. తప్పని కాదండీ, కానీ అది 1984 నాటి పీసీ ఏటీ సంగతి. ఈ పిలుపులు అందుకుని ప్రాసెసరుకి చేరవేసే కంట్రోలర్లు, ఎనిమిదేసి లైన్ల 8259 చిప్పులు రెండు, రెండోదాన్ని మొదటిదాని 2వ లైనుకి తగిలించారు కాబట్టి వాడుకోవడానికి మిగిలినవి 15. కొత్తగా సౌండ్ కార్డు పెడితే ప్రింటరుతో గొడవ, కార్డు మీది జంపర్లు (నంబరు మార్చే చిన్న పిన్ను తొడుగులు) పీకి మార్చడం, ఆ టెన్షన్ మా తరం పడింది చాలు.

ఇవాళ విడిగా తీగ లేకుండా సందేశంతోనే ఇంటరప్టు పంపే ఎంఎస్ఐ-ఎక్స్ పద్ధతిలో ఒక్క కార్డే 2048 ఇంటరప్టుల దాకా అడగొచ్చు. ఫోన్లలో ఉండే ఏఆర్ఎం చిప్పుల్లో ప్రధాన కంట్రోలరు ఒకటి, దాని కింద జీపీఐఓ (చిప్పు మీది సాధారణ పిన్నుల) కంట్రోలర్లు, ఎవరి లైన్లు వాళ్ళే మొదటినుంచి లెక్కపెట్టుకుంటారు. మన దగ్గర మూడో తూము అంటే ఏ కాలువ మీద అని లస్కరు అడగడూ, ఇదీ అంతే.

లైనక్సులో ఈ చిక్కు తీర్చేది ఐఆర్‌క్యూ డొమైన్. కంట్రోలరు సొంత నంబరు హెచ్‌డబ్ల్యూఐఆర్‌క్యూ, దానికి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన దగ్గర ఖాళీగా ఉన్న నంబరు ఒకటి ఇచ్చి రెండిటికీ ముడి వేసుకుంటుంది. డ్రైవరు, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రాము, వాడేది ఆ కెర్నల్ నంబరే, డ్రైవర్లు లోడయ్యే వరస మారితే అదీ మారిపోవచ్చు. ఒకప్పుడు గరిష్ఠంగా ఇన్ని అని ముందే అనుకుని అంత పొడుగు పట్టిక మెమరీలో పరిచేవారు, ఏఆర్ఎంలో అయితే ఒక్కో బోర్డుకీ నంబర్లు కోడ్‌లోనే రాసేసేవారు. ఇప్పుడు డిస్క్రిప్టర్లు (ఒక్కో ఇంటరప్టుకీ కెర్నల్ రాసుకునే వివరాలు) అవసరమైనప్పుడే పుడతాయి, ఏ కంట్రోలరు మీద ఏ లైనో డివైస్ ట్రీ, అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే జాబితా, చెబుతుంది.

ఇదేమీ చెప్పకుండా పట్టిక ఒక్కటే నేర్పితే, డ్రైవర్లో 37 అని నేరుగా రాసేసి "నా బోర్డు మీద పనిచేసిందండీ, వాడి బోర్డు మీద చేయట్లేదు" అంటారు మరి, పిల్లలని ఏమనగలం? ల్యాబులో ఒక్క లైనక్సు మెషీన్ మీద ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిచి చూపించండి, ఎడమవైపు కెర్నల్ నంబరు, కుడివైపు కంట్రోలరు పేరు, దాని సొంత నంబరు, అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. పరీక్షలో కూడా ఆ ఫైల్లోంచి నాలుగు వరసలు ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమని అడగొచ్చు. ప్రశ్నపత్రాలు తయారుచేసే మేష్టార్లు మీ పేపరు చదువుతారు కాబట్టే మీకు రాస్తున్నాను.

— ఒక ఎంబెడెడ్ ఇంజనీరు, పాలకొల్లు