రొమ్ము పునర్నిర్మాణం చేయించుకున్నవారికి ఏ పరీక్ష అవసరం?

సంపాదకుడికి,
నమస్కారం.

అక్టోబరు వచ్చిందంటే గులాబీ రిబ్బన్లతో పాటు ఆరోగ్య పరీక్షల రాయితీ కరపత్రాలూ ఇంటింటికీ చేరతాయి. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసి, పునర్నిర్మాణం చేయించుకున్న మహిళలకు ‘ఏటా అల్ట్రాసౌండ్ స్క్రీనింగ్’ అనే మాట ఈ మధ్య వాటిలో కనిపిస్తోంది. శస్త్రచికిత్స వార్డులో నర్సుగా పనిచేసి విరమించినదాన్ని కాబట్టి దీని గురించి రాయాలనిపించింది. స్కానింగ్ మంచిదే. అయితే ఎవరికి, ఎప్పుడు, దేనికోసం అన్నది చెప్పకుండా అమ్ముతున్నారు.

రొమ్మును పూర్తిగా తీసేసినా చర్మం కింద కొద్దిపాటి కణజాలం మిగిలిపోయే అవకాశం ఉంది. చనుమొనను ఉంచి చేసే ఆపరేషన్లలో ఆ అవకాశం ఇంకొంచెం ఎక్కువ. జబ్బు అక్కడే తిరగబెడితే చాలావరకు చర్మంలోనో, దాని కిందనో కనిపిస్తుంది. సిలికాన్ ఇంప్లాంటు (జెల్ నింపిన కృత్రిమ సంచి) పెట్టినా, పొట్ట కొవ్వో వీపు కండరమో తెచ్చి అమర్చినా, ఆ పొర వాటికి పైనే ఉంటుంది. అందుకే చాలాసార్లు గడ్డ ముందు చేతికే తగులుతుంది. ఏ లక్షణమూ లేని పునర్నిర్మిత రొమ్ముకు ఏటా అల్ట్రాసౌండ్ తీయించమని అమెరికాలోని స్కానింగ్ వైద్యుల సంఘమైన అమెరికన్ రేడియాలజీ కాలేజీ కూడా చెప్పడం లేదు. అక్కడి క్యాన్సర్ వైద్యుల సంఘాలు చెప్పేది వేరు: మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తరువాత రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏటా వైద్యుడు చేత్తో పరీక్షించాలి, రెండో రొమ్ము ఉంటే దానికి ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయాలి.

ఈ రెండో రొమ్మునే మనవాళ్లు మరచిపోతున్నారు. ఆపరేషన్ అయిన వైపు ఏమవుతుందోనన్న భయంతో అటే చూస్తారు, ఇటువైపు ఎవరూ చూడరు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే దాదాపు పదేళ్లు చిన్న వయసులో బయటపడుతోంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గడ్డ దాని చాటున దాగిపోవచ్చు. ఇక్కడ అల్ట్రాసౌండ్ నిజంగా అక్కరకొస్తుంది. జపాన్‌లో నలభైలలో ఉన్న 72 వేలకు పైగా సాధారణ మహిళలపై చేసిన అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మామోగ్రామ్‌కు అల్ట్రాసౌండ్ తోడైతే క్యాన్సర్‌ను పట్టుకునే శక్తి 77 శాతం నుంచి 91 శాతానికి పెరిగింది. క్యాన్సర్ లేనివారిని కూడా అనుమానంతో మళ్లీ పిలిపించడం పెరిగిందనీ అదే అధ్యయనం చెప్పింది. కరపత్రాల్లోని ప్యాకేజీకి పెట్టే డబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి ముందు ఈ రెండో రొమ్ము పరీక్షకు పెట్టడం మేలు.

పునర్నిర్మించిన రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం ఆలస్యం చేయకూడదు. అప్పుడు మొదట చేయాల్సిన పరీక్షల్లో అల్ట్రాసౌండ్ ఒకటి. ఇంప్లాంటు ఉన్నచోట చూడకుండా సూది గుచ్చితే దానికి చిల్లు పడవచ్చు కాబట్టి సూదితో కాస్త కణజాలం తీసి చూసే సూది పరీక్షకూ అదే దారి చూపాలి. మా తోడికోడలికి పొట్ట కొవ్వుతో రొమ్మును తిరిగి రూపొందించారు. కొంతకాలానికి అక్కడ గోలీకాయంత గడ్డ తగిలింది. పట్టణంలో ఒక స్కానింగ్ కేంద్రంలో ‘అనుమానాస్పదం’ అని రాసిచ్చారు. సూది పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తీరా చూస్తే అది రక్తం సరిగా అందక చచ్చి గట్టిపడిన కొవ్వు. ఇలాంటి పునర్నిర్మాణాల్లో అది కొత్తేమీ కాదు. స్కానింగ్ చేసిన డాక్టరును తప్పుపట్టను. ఆ రొమ్ము దేనితో తయారైందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చీటీ మీద ‘రొమ్ము స్కానింగ్’ అని రెండే మాటలున్నాయి. డిశ్చార్జి కాగితాలేమో హైదరాబాదులో కొడుకు బీరువాలో ఉన్నాయి.

ఇంప్లాంటు సంగతి ఇంకొకటి. అది పగిలినా చాలాసార్లు పైకి ఏమీ తెలియదు. సిలికాన్ ఇంప్లాంటు ఉన్నవారు 5, 6 ఏళ్లకు మొదటిసారి, తరువాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో చేయించుకోవాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో సూచించింది. అది పగుళ్ల కోసం చేసే తనిఖీ, క్యాన్సర్ కోసం కాదు. కరపత్రాలు ఈ రెంటినీ కలిపేస్తున్నాయి. గరుకు ఉపరితలం గల ఒక రకం ఇంప్లాంట్లను లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ ముప్పు వల్ల 2019లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. ఏళ్ల తరువాత రొమ్ము హఠాత్తుగా ఉబ్బి నీరు చేరడం దానికి ముఖ్య లక్షణం. తన ఒంట్లో ఉన్నది ఏ కంపెనీదో, ఏ రకమో చెప్పగలిగిన రోగిని నా ఉద్యోగకాలంలో నేను చూసిన గుర్తు లేదు.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ నా విన్నపం ఇది. ఆరోగ్యశ్రీ, వైద్యసేవ పథకాలు ఆపరేషన్ ఖర్చు భరిస్తున్నాయి, సంతోషం. ఏటా మామోగ్రామ్, గడ్డ తగిలితే అల్ట్రాసౌండ్, సూది పరీక్ష, వీటిలో పథకం కింద ఏవి ఉన్నాయో రోగికి అర్థమయ్యేలా రాసి చేతికివ్వాలి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం స్కానింగ్ యంత్రాలను ఇష్టం వచ్చినట్టు ఊరూరా తిప్పడం కుదరదు. ఆ కట్టుబాటు ఉండాల్సిందే. కానీ ముప్ఫై దాటిన మహిళల రొమ్ములను చేత్తో పరీక్షించే పని జాతీయ కార్యక్రమం కింద ఏఎన్‌ఎంలకు ఇప్పటికే అప్పగించారు. పునర్నిర్మిత రొమ్మును ఎలా తడిమి చూడాలో వారికి మరికాస్త శిక్షణ ఇస్తే పల్లెల్లోని ఈ మహిళలు డాక్టరు దగ్గరికి వెళ్లే రోజుల మధ్య ఒంటరివారు కారు. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట రొమ్ము స్కానింగ్‌కే కేటాయించాలి. గర్భిణుల వరుసలో నిలబడి తమ వంతు కోసం చూసే అవస్థ వీరికి తప్పాలి.

ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి రోజున అరచేతిలో పట్టే కార్డు ఒకటి ఇవ్వాలి: ఏ వైపు, ఏ తేదీన, ఏ పద్ధతి, ఇంప్లాంటయితే కంపెనీ, రకం, వరుస సంఖ్య. తెలుగులో ఒకవైపు, ఇంగ్లిషులో ఒకవైపు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆరోగ్యశాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
కాకినాడ