బొబ్బిలి – విజయనగరం పిల్లల రాకపోకలు: తల్లిదండ్రులకు వివరాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యాక మన తొమ్మిదో తరగతి పిల్లలు 20 మంది బొబ్బిలి వెళ్తారు. ఫిబ్రవరిలో అక్కడి 20 మంది మన విజయనగరం వస్తారు. విజయనగరం రాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడిన 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధాన్ని రెండు ఊళ్లూ ఎలా గుర్తుపెట్టుకున్నాయో రెండు బడుల పిల్లలూ కలిసి రాయడమే ఇందులో పని.

ఏటా పైడితల్లమ్మ సిరిమాను పండగ చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఈ యుద్ధం ఆ అమ్మవారి కథగా తెలుసు. అన్న, అంటే విజయనగరం రాజు విజయరామరాజు, బొబ్బిలిలో చనిపోయాడని విని చెల్లెలు తట్టుకోలేకపోయిందనీ, తర్వాత పెద్దచెరువులో వెలసిందనీ ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. బొబ్బిలి పిల్లలకు అదే యుద్ధమంటే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు, రాణి మల్లమ్మదేవి, తగలబడిన కోట. ఇక్కడ ఏడ్చిన చావునే అక్కడ పౌరుషంగా పాడుకుంటారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు తేలిక కాదు. అందుకే ఇంత ముందుగా రాస్తున్నాం.

డిసెంబరులో మొదటి మూడు వారాలు రెండు బడులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ప్రతి పిల్లా, పిల్లాడూ ఇంట్లో విన్న కథను ఫోను చూడకుండా రెండు పేజీల్లో రాస్తారు. ఆ తర్వాతే కాగితాలు మార్చుకుంటారు. ముందే కలిస్తే మొహమాటం కొద్దీ అందరూ ఒకే మెత్తటి కథ రాసేస్తారు, పోల్చడానికి ఏమీ మిగలదు.

తర్వాత ప్రతి ముఖ్యమైన వాక్యం పక్కన మూడు గళ్లు గీస్తారు: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరి కోసం చెప్పారు. విజయరామరాజు మరణాన్నే తీసుకోండి. బుర్రకథలో పాపారాయుడు రాజాం నుంచి ఆలస్యంగా వచ్చి, రాత్రివేళ గుడారంలోకి దూరి పగ తీర్చుకుంటాడు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసినదాంట్లో కోట పడ్డాక దాక్కున్న సైనికులు నలుగురు, వాళ్లలో గుడారంలోకి దూరింది ఇద్దరు. ఓర్మ్ అప్పట్లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నవాడు. బొబ్బిలి మీదికి సైన్యాన్ని నడిపిన బుస్సీ ఫ్రెంచివాడు, అంటే కంపెనీకి పోటీదారు. ఈ సంగతి తెలిస్తే గాని మూడో గడి నిండదు. పిల్లలు సాధారణంగా తడబడేది ఆ గడి దగ్గరే. ‘అందరి కోసం’ అని రాసి ఊరుకుంటే వెనక్కి పంపుతాం.

యుద్ధానికి కారణం అడిగితే చాలామంది ‘పగ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వాగుల నీళ్లు మళ్లించుకోవడం మీద రెండు సంస్థానాలకూ ఉన్న తగువును ఓర్మ్ ప్రస్తావించాడు. పొలమున్న ఇంటి పిల్లలకు అది చప్పున అర్థమవుతుంది. ఫిరంగులు రాకపోతే ఆ తగువు అంత ఘోరానికి దారితీసేది కాదని మా సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల అభిప్రాయం. అలాగని తప్పంతా ఫ్రెంచివాళ్ల మీదకి నెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. వాళ్లను ఆ యుద్ధంలోకి దింపింది ఎవరన్నదీ రాయాలి. 1794 జులై 10న పద్మనాభంలో కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన రాజు మన విజయనగరం రాజేనన్నదీ అదే నోటుబుక్కులో ఉండాలి.

నాటికలు, క్విజ్ పోటీలు పెట్టం. నాటికలో ఒకరు దుర్మార్గుడి వేషం కట్టాల్సిందే, ఆ పేరు పెట్టే ఆ పిల్లాణ్ని ఏడాదంతా ఏడిపిస్తారు. క్విజ్ పెడితే యుద్ధం మళ్లీ మొదలైనట్టే. కులం పేరెత్తి ‘మావాళ్లు, మీవాళ్లు’ అనే మాట ఇంట్లోనూ రాకుండా చూడమని మనస్ఫూర్తిగా కోరుతున్నాం. కోటలో ఆడవాళ్లు, పిల్లలు చనిపోయిన తీరును బడిలోనే, పగటిపూట, ఉపాధ్యాయుల సమక్షంలో చెబుతాం. దాన్ని బొమ్మగా గీయించం, నటింపజేయం.

మనలాగే ఒకప్పుడు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్స్, (అప్పటి పశ్చిమ) జర్మనీ 1963 జనవరి 22న స్నేహ ఒప్పందం చేసుకుని, అదే ఏడాది యువజనుల రాకపోకలకు ఉమ్మడి కార్యాలయం పెట్టాయి. రెండు దేశాల్లోనూ చదివే ఉమ్మడి చరిత్ర పాఠ్యపుస్తకం తొలి సంపుటం 2006కి గాని రాలేదు. మన పిల్లలు తయారుచేసేది 40 పేజీల నోటుబుక్కు. ఎడమ పేజీలో ఒక ఊరి కథ, కుడి పేజీలో రెండో ఊరి కథ. పొసగని చోట పొసగలేదనే రాస్తారు.

బొబ్బిలికి ఉదయం రైల్లో వెళ్తారు. 1891లో కట్టిన యుద్ధ స్మారక స్తంభం దగ్గర రెండు గంటలు ఉంటారు. దాని మీద ఎవరి పేర్లున్నాయి, ఎవరివి లేవు, 134 ఏళ్ల తర్వాత ఎందుకు కట్టారు అన్నది అక్కడే రాసుకోవాలి. మధ్యాహ్నం గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసే చోటికి వెళ్తారు. రాత్రి తమకు జతగా ఉన్న బొబ్బిలి విద్యార్థి ఇంట్లో బస.

ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు కథ చెబితే ఫోన్‌లో రికార్డు చేయనివ్వండి. ఫ్యాను ఆపి, ఫోను మూరెడు దూరంలో పెట్టి, 15 నిమిషాలకు మించకుండా. మొదట వాళ్ల అనుమతి మాట కూడా రికార్డవ్వాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు, తరగతి టీచరుకు మాత్రమే ఇవ్వాలి.

అంగీకారపత్రం, ఆధార్ జిరాక్సు, వాడుతున్న మందుల వివరం డిసెంబరు 5లోగా పంపండి. బొబ్బిలి పిల్లలకు ఒక రాత్రి బస ఇవ్వగలిగినవారు పత్రం వెనక ఇంట్లో ఎందరుంటారో, మాంసాహారం వండుతారో లేదో రాయండి. ఆడపిల్లలను ఇద్దరేసి చొప్పునే పంపుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు