మీ మామయ్య చేత నోరు తెరిపించు

ఒరేయ్ సుబ్బూ,

ఆలస్యానికి తిట్టుకోకు. అమ్మ కులాసా. చెల్లెలి సంబంధం దాదాపు ఖాయమైనట్టే. వానకు కూలిన ప్రహరీ మళ్ళీ లేపించాం. ఇక అసలు సంగతి విను, నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

మొన్న చెకప్‌కు వెళ్ళాను. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.2. అక్క ఇచ్చిన కిడ్నీ భేషుగ్గా ఉందన్నారు. ఫైలు పట్టుకుని లేవబోతుంటే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గారు "కూర్చోండి, నోరు తెరవండి" అన్నారు. చిన్న టార్చి వేసి, నాలుకను పక్కకు నెట్టి, చిగుళ్ళు, పెదవుల లోపలివైపు అన్నీ వెతికారు. మామిడితోటలో మన టార్చి గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. అంతలో ఆవిడ చెయ్యి ఆగింది. కుడి బుగ్గ లోపల కందిగింజంత తెల్లమచ్చ. గాజుగుడ్డతో రుద్దినా పోలేదు. ముక్క తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు వచ్చేదాకా అక్క సరిగా అన్నం తినలేదురా. క్యాన్సర్ కాదు! కణాల్లో మార్పు అప్పుడే మొదలైందట. మచ్చ మొత్తం తీసేశారు. ఇకపై మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

నేను వేసుకునే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ మాత్రలు కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమేయకుండా రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి కదా. చెడిన కణాన్ని పసిగట్టి చంపేదీ, కొన్ని వైరస్‌లను అదుపులో పెట్టేదీ ఆ శక్తే. కాపలావాడికి మత్తుమందు పెట్టినట్టే అన్నమాట. అందుకే కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకు క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ళకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. తెల్లతోలు వాళ్ళకు చర్మ క్యాన్సర్ బెడద మరీ ఎక్కువట. ఆడవాళ్ళు గర్భాశయ ముఖద్వార పరీక్ష మామూలుకన్నా తరచుగా చేయించుకోవాలి. మెడలోనో చంకలోనో గడ్డ కట్టినా, జ్వరం వదలకపోయినా వెంటనే చెప్పాలి. ఇంకోటి, మాలాంటివాళ్ళ పాత కిడ్నీలను సాధారణంగా తీయరు, లోపలే ఉంటాయి. వాటిలోనూ గడ్డ రావచ్చు. మూత్రంలో రక్తం కనిపిస్తే ఊరుకోకూడదు.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఇందులో ఒక్క ముక్కైనా చెప్పలేదు. ఎంతసేపూ క్రియాటినిన్, క్రియాటినిన్! తలచుకుంటే ఒళ్ళు మండుతోంది... సరే, అది మరోసారి.

"అయితే మాత్రలు తగ్గిస్తే?" అని అక్క అడిగింది. "మీ అంతట మీరు ఒక్క పూట కూడా మానకూడదు, కిడ్నీ పోతుంది. మోతాదు సంగతి మాకు వదిలేయండి" అని డాక్టరమ్మ గారు గట్టిగా చెప్పారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది. మీ మామయ్యకు నాకన్నా ముందే మార్పిడి అయింది కదా. ఆయన దవడలో జర్దా కిళ్ళీ లేని పూట నువ్వెప్పుడైనా చూశావా? ఆ మాత్రలూ, ఈ పొగాకూ, రెండూ ఆ ఒక్క నోటికే! కిళ్ళీ మాన్పించడం అత్తయ్య వల్లే అవుతుంది, ఆవిడతో మాట్లాడు. ఆయన్ని మాత్రం నువ్వే తీసుకువెళ్ళి నోరు చూపించు, దంతవైద్యుడైనా ఫర్వాలేదు. మచ్చగానీ, రెండు వారాలైనా మానని పుండుగానీ ఉంటే...

ఎనిమిదైంది, అక్క మాత్రలతో నిలబడింది. ముందు ఆయనకు ఫోన్ చెయ్యి.

నీ
రాజు