డాన్ కొసాక్కుల గానం గురించి రాయండి

సంపాదకులకు నమస్కారం.

రష్యన్ సంగీతం అనగానే మన పత్రికలు చైకోవ్‌స్కీ దగ్గర ఆగిపోతాయి. ఆ దేశపు జానపదాన్ని, చర్చి గానాన్ని ప్రపంచానికి వినిపించిన డాన్ కొసాక్కు (దక్షిణ రష్యాలోని డాన్ నదీ ప్రాంతపు యోధుల) గాయక బృందం ఊసే ఉండదు. ఇది నాకు బాధగా ఉంది.

రష్యా అంతర్యుద్ధంలో ఓడి టర్కీ చేరిన శ్వేతసేన, అంటే కమ్యూనిస్టులతో పోరాడిన సేన, సైనికులు వాళ్లు. 1921లో ఇస్తాంబుల్ దగ్గరి చిలింగిర్ శిబిరంలో, ఆకలి, చలి, రోగాల నడుమ సెర్గేయ్ జారోవ్ ఆ గొంతులను కూడగట్టాడు. చర్చి గానం నేర్పే మాస్కో సినోడల్ స్కూల్లో చదువుకున్న పొట్టి మనిషి. తర్వాత బృందం గ్రీసులోని లెమ్నోస్ దీవికి, అక్కణ్ణుంచి బల్గేరియాకు చేరింది. 1923లో వియన్నా కచేరీతో పేరొచ్చింది. ఆపైన దశాబ్దాల పాటు ఐరోపా, అమెరికా తిరిగారు. సొంతగడ్డ మీద మాత్రం పాడే భాగ్యం లేకపోయింది. జారోవ్ 1985లో అమెరికాలోనే కన్నుమూశాడు.

వాళ్ల పాటకు వాద్యాలుండవు. అడుగున మంద్రస్థాయి గొంతులు నేలను అదిమిపట్టినట్టు నిలబడితే, పైన తారస్థాయి గొంతులు ఆడగొంతులంత ఎత్తుకు వెళ్తాయి. అందరూ మగవాళ్లేనంటే మొదటిసారి విన్నవారు నమ్మరు! జారోవ్ చేతులు పెద్దగా ఊపేవాడు కాడు. చిన్న సైగకే బృందమంతా గర్జన నుంచి గుసగుసకు దిగిపోయేది.

నేడు కొసాక్కుల పేరుతో కచేరీలిచ్చే బృందాలు ఐరోపాలో చాలా ఉన్నాయి. కానీ కత్తుల విన్యాసం, నాట్యం చూసి ఇదే వారి సంగీతమనుకుంటే పొరపాటు. ఆదివారం అనుబంధంలో ఈ బృందంపై ఒక సమగ్ర వ్యాసం వేయాలని, దొరికే పాత రికార్డింగుల వివరాలు కూడా ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక సంగీతాభిమాని, విజయవాడ